పదిహేడో వరుస

ప్రతి సోమవారం పొద్దున తొమ్మిదింటికి మా సైటు ఆఫీసులో రిస్కుల మీటింగు జరుగుతుంది. ఆఫీసంటే ఒక ఇనప డబ్బా. అందులో నలుగురం కూర్చుని, ఈ వారం సైట్లో మనుషులు ఏయే రకాలుగా చచ్చే వీలుందో మాట్లాడుకుంటాం. మాట్లాడుకుంటూ బిస్కెట్లు తింటాం. టీలో మునిగి జారిపోయిన బిస్కెట్టు ముక్క కోసం పెద్దసారు చెంచాతో కప్పు అడుగు దాకా గాలిస్తాడు. అంత శ్రద్ధగా ఆయన రిజిస్టరు చూడగా నేనెప్పుడూ చూడలేదు. ఆ గాలింపు చూసి చూసి నాకు బిస్కెట్టంటేనే రోత పుట్టింది.

పెద్దసారు కాంట్రాక్టరు తరఫు మేనేజరు. ఆయన పక్కన చార్టులాయన కూర్చుంటాడు. ఏ పని ఏ రోజు అయిపోవాలో రంగురంగుల గీతలు గీయడం ఆయన ఉద్యోగం, ఆ గీతలు జరగకుండా కాపాడుకోవడం ఆయన జీవితం. మూడో మనిషి బిల్డింగు ఓనర్ల తరఫున వస్తాడు. ఇల్లు తగలబడుతోందన్నా "చూద్దాం" అనే రకం కాబట్టి సైటంతా ఆయన్ని చూద్దాంగారు అంటుంది. నాలుగోదాన్ని నేను. రిజిస్టరు రాసేది నేనే. ఎక్కడ నిలబడ్డా ఏది కూలుతుందో చెబుతానని నాకు అపశకునం మేడమ్ అని పేరు. ఆ పేరు పెట్టింది పరాయివాళ్ళు కాదు, సాక్షాత్తూ మా అక్క మొగుడు. ఈ సైట్లోనే ఇనప చువ్వలు కట్టే ముఠాకి మేస్త్రీ ఆయన.

రిజిస్టరు లెక్క రెండో ఎక్కం వచ్చినవాడికి కూడా అర్థమవుతుంది. ప్రమాదం జరిగే అవకాశానికి ఒకటి నుంచి అయిదు మార్కులు. జరిగితే కలిగే నష్టానికి ఒకటి నుంచి అయిదు. రెండూ గుణించాలి. పదిహేను దాటితే ఎరుపు, పని ఆపాలి. ఆరు నుంచి పదిహేను దాకా పసుపు, జాగ్రత్తగా చేసుకోవచ్చు. అయిదూ అంతకు లోపూ ఆకుపచ్చ, దాని సంగతి మరిచిపోవచ్చు. ఆ రంగులు చూసుకునే హెడ్డాఫీసు నిద్రపోతుంది.

పదిహేడో వరుసలో "గుంత తూర్పు గట్టు" అని ఉంటుంది. మా గుంత మూడంతస్తుల లోతు. అడుగున బావా, ఆయన కింద పధ్నాలుగు మందీ పునాదికి చువ్వలు కడుతుంటారు. తూర్పు గట్టుకు ఇనప పలకలు దిగ్గొట్టి మట్టిని ఆపాం. ఆ గట్టు అంచునే, మా రేకుల కంచెకు అవతల, టైలరమ్మ అనే పెద్దావిడ ఒంటి గది ఇల్లు ఉంది. గట్టు కదిలితే ముందు ఆవిడ వెనక గోడ చీలుతుంది. అందుకని గోడ మీద వెంట్రుకంత పగులు కనపడగానే దాని మీద అడ్డంగా సన్నటి గాజుపలక లప్పంతో అతికించి, పక్కన పెన్సిలుతో తేదీ వేశాను. గోడ ఏ మాత్రం జరిగినా గాజు విరుగుతుంది. మనుషులు నీళ్ళు నములుతారు గానీ గాజుకి ఆ విద్య రాదు.

మూడు రోజులు ఆగకుండా వాన పడి వెలిసిన సోమవారం అది.

"పదిహేడులో అవకాశం నాలుగు వేద్దాం సార్. మట్టి నాని ఉంది," అన్నాను.

"అద్దం పగిలిందా?" అన్నాడు పెద్దసారు.

"లేదు. పొద్దున ఫోటో వచ్చింది. బాగానే ఉంది."

"ఏడు వారాల నుంచి బాగానే ఉందిగా. మరి నాలుగెందుకు? ఒకటి వెయ్యి."

"మూడైనా వెయ్యాలి సార్."

"సరే, నీ మాటా వద్దు నా మాటా వద్దు. రెండు."

వంకాయలు బేరమాడినట్టు ఆడి, రెండు దగ్గర తెగ్గొట్టాడు. నష్టం దగ్గర అయిదుకి తక్కువ వెయ్యడానికి ఆయనకి కూడా మొహం చెల్లదు, కింద పదిహేను మంది ఉన్నారు కాబట్టి. రెండయిదులు పది. పసుపు. చార్టులాయన తన గీతలకేసి చూసుకుని గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. పది రోజుల్లో పునాది కాంక్రీటు పోత. చూద్దాంగారు చూద్దామన్నాడు. నేను సంతకం పెట్టాను.

ఇక్కడ నా గురించి కూడా చెప్పుకోవాలి, లేకపోతే కథంతా అవతలివాళ్ళ మీదే ఉమ్మేసినట్టవుతుంది. గాజు అతికించాక ఈ ఏడు వారాల్లో నేను టైలరమ్మ ఇంటికి మళ్ళీ వెళ్ళలేదు. గేటు దాటి, వీధి చుట్టి, మురిక్కాలువ పక్క సందులోంచి పావుగంట నడవాలి. కాలువ కంపు. ప్రతి సోమవారం పొద్దున బావ ఫోను నుంచి ఫోటో వచ్చేది. అందులో ఫ్లాష్ వెలుగుకి గాజు చెక్కుచెదరకుండా మెరుస్తూ ఉండేది, వెనక పగులు కనపడేది కాదు. నేను డబ్బాలో ఏసీ కింద కూర్చుని "చూశాను, బాగుంది" అని రాసి సంతకం చేసేదాన్ని. ఆ రోజు కూడా చేశాను. చేశాక మాత్రం మనసొప్పక చెప్పులు విడిచి బూట్లు వేసుకున్నాను.

టైలరమ్మ తలుపు తియ్యడానికి చాలాసేపు పట్టింది. తలుపు కింద నేలకి పట్టేస్తోంది. లోపల ఒకే గది. కుట్టుమిషను, దాని పక్కన గోనెసంచిలో గుడ్డపీలికలు, గోడవారగా స్టవ్వు. మిషను రెండు కాళ్ళ కింద మడతపెట్టిన గుడ్డలు దూర్చి ఉన్నాయి.

"ఈ మధ్య మిషను ఒక పక్కకి ఒరుగుతోందమ్మా. దారం కూడా తిన్నగా పడట్లేదు. నాకు కళ్ళు తగ్గాయేమో," అంది.

కళ్ళు కాదు, నేల. నేను వెనక గోడ దగ్గరికి వెళ్ళాను. నేను వేసిన తేదీ అలాగే ఉంది. దాని పక్కన గాజు కూడా ఫోటోలో ఉన్నట్టే తళతళలాడుతూ ఉంది. కానీ దాని వెనక పగులు వెంట్రుకంత లేదు. నా చిటికెనవేలు పట్టేలా ఉంది. అంత పగులు మీద గాజు నిక్షేపంగా ఎలా ఉందా అని అంచున ఉన్న లప్పాన్ని తాకాను. వేలు దిగబడింది. పచ్చి లప్పం.

"ఇది ఎప్పుడు పెట్టారండీ?" అన్నాను.

"నిన్న సాయంత్రం. ప్రతి ఆదివారం వస్తారుగా మీవాళ్ళు! పగిలింది తీసేసి, గోడ తుడిచి, కొత్తది పెట్టి పోతారు. మంచి మనుషులమ్మా. ఒక్కసారి కూడా నాగా పెట్టలేదు. నీకు తెలీదూ?"

"పగిలినవి ఏం చేస్తారు?"

"కింద పారేసి పోతారు. మగాళ్ళు కదా. నేనే ఏరి దాచాను."

మంచం కిందనుంచి ఒక రేకు డబ్బా లాగింది. అందులో ఏడు మూటలు. ఒక్కో వారం గాజుముక్కల్ని ఒక్కో రంగు గుడ్డపీలికలో చుట్టి, విప్పుకోకుండా దారంతో కుట్టి పెట్టింది.

"ఊరికే చెత్తలో వేస్తే ఆ చెత్త ఎత్తే పిల్ల చెయ్యి తెగుతుంది కదమ్మా. పాత సామాన్లవాడు వచ్చినప్పుడు చెప్పి ఇద్దామని."

ఈ ప్రాజెక్టు మొత్తంలో జరగబోయే ప్రమాదాన్ని ముందే ఊహించి జాగ్రత్తపడ్డ మనిషి ఆవిడొక్కతే. నాకు ఆ పని చెయ్యడానికి రెండు డిగ్రీలున్నాయి. డబ్బా అడిగి పుచ్చుకుని, తిరిగి వచ్చేటప్పుడు సందులో కాలువ కంపు నాకు తెలియనే లేదు.

బావ ర్యాంపు పైన టీ తాగుతున్నాడు. నన్ను చూసి కప్పు ఎత్తి, "అపశకునం మేడమ్ గారు కాలినడకన వేంచేస్తున్నారు, ఇవాళ ఏదో కూలుతుందిరోయ్," అన్నాడు. కింద గుంతలోంచి ముఠావాళ్ళు నవ్వారు. నేను డబ్బా మూత తీసి ఒక మూట ఆయన అరచేతిలో పెట్టాను. తడిమి చూశాడు. నవ్వు ఆగింది.

"ఎవరు మార్చమన్నారు బావా?"

"పెద్దసారు. అయినా అందులో తప్పేముంది? కాగితంలో రాసే ఉందిగా." జేబులోంచి ఫోను తీసి చూపించాడు. మా పరికరాల నిర్వహణ పట్టీ అది. తాళ్ళు, దీపాలు, హెల్మెట్ల కింద నేనే రాసిన వాక్యం: పగిలిన అద్దాలు వెంటనే మార్చవలెను. "అద్దం పగిలితే మార్చమన్నారు, మార్చాం. అద్దం బాగుందా అని అడిగారు, బాగుందన్నాం."

నేను ఆ వాక్యం రాసింది క్రేను అద్దాల గురించి. ఆయనకది ఎవరు చెప్పారు? పెద్దసారు మాత్రం ఆ వాక్యాన్ని వేలుపెట్టి చూపించి మరీ పని పురమాయించాడట. మొదటి వారం గాజు విరిగిన రోజున ఆయనకి భయం వెయ్యలేదు. తెలివి పుట్టింది.

"గాజు విరిగితే గోడ కదులుతున్నట్టు బావా! విరిగిందని తెలియడానికే గాజు పెట్టేది. నీకంతమాత్రం తెలీదా?"

"నాకు చువ్వలు తెలుసు. గాజులు నీ పని." ఆయన గొంతు తగ్గింది. ముఠా వినకుండా పక్కకి వచ్చాడు. "విరుగుతుంటే ఏదో తేడాగానే అనిపించింది మరదలా. అబద్ధమెందుకు చెప్పను. కానీ ప్రతి వారం కింద నీ సంతకం ఉంది. పరాయిది కాదు, మా మరదలు చూసింది, ఇంక మనకేం భయం అని కుర్రాళ్ళకి కూడా చెప్పాను. నీ సంతకం చూసే దిగుతున్నాం మేం."

ఛీ, అనుకున్నాను. ఆయన్ని కాదు. నేను ఫోటో చూసి సంతకం పెట్టాను, ఆయన సంతకం చూసి గుంతలోకి దిగాడు. ఒకరి మీద నమ్మకంతో ఒకరం కళ్ళు మూసుకున్నాం. ఈ మధ్యలో పెద్దసారు హాయిగా బిస్కెట్లు తిన్నాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా వాటా పిడికెడు కాదు, దోసెడు. ఈయనకేమైనా అయితే మా అక్కకి ఏ మొహం పెట్టుకుని చెబుతాను, నా సంతకమే మీ ఆయన్ని దింపిందని?

"ముందు అందర్నీ పైకి పిలువు," అన్నాను.

"నేను పిలిస్తే పని మానేశానంటారు. రేపు ఇంకో ముఠాని దింపుతారు. వాళ్ళ మేస్త్రీకి నీలాంటి మరదలు ఉండదు. ఆఫీసు చేత ఆపించు. నేనూ వస్తాను పద."

డబ్బా ఆఫీసులో ముగ్గురూ ఇంకా అక్కడే ఉన్నారు. బావ గుమ్మం బయట నిలబడ్డాడు, బూట్లకి బురద ఉందని. నేను రేకుడబ్బా బల్ల మీద బోర్లించాను. ఏడు రంగుల మూటలు పెద్దసారు కప్పు పక్కన దొర్లాయి.

"ఏడు వారాలు, ఏడుసార్లు విరిగింది సార్. పగులు వేలంత ఉంది. ఆవిడ ఇంటి నేల కూడా ఒరిగింది. అవకాశం అయిదు. మొత్తం ఇరవై అయిదు. ఎరుపు. పని ఆపండి."

నేను ఆయన తడబడతాడనుకున్నాను. కనీసం కోప్పడతాడనుకున్నాను. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, ఒక మూటని వేలితో పక్కకి నెట్టి, కప్పు తీసుకున్నాడు.

"పాత గోడమ్మా. వానకి ప్లాస్టరు ఉబ్బుతుంది. ప్లాస్టరు పగులు అని రాయి."

"ప్లాస్టరు పగిలితే మిషను ఒరగదు సార్."

"పోనీ నీ కోసం మూడు వేద్దాం. మూడయిదులు పదిహేను. ఏమయ్యా, పదిహేను ఏ రంగు?"

"పదిహేను దాటితేనే ఎరుపు సార్. పదిహేను పసుపే," అన్నాడు చార్టులాయన. ఆ మాట అంటూ సంతోషపడ్డాడు.

"మనిషి చావుకి పదిహేను ఎక్కువా, పదహారు ఎక్కువా అని బేరాలాడుతున్నారా?"

"పది రోజులమ్మా," అన్నాడు పెద్దసారు లాలనగా. "పోత పడితే గట్టుకి కింద దన్ను దొరుకుతుంది. అప్పుడు నువ్వు ఏ రంగంటే ఆ రంగు. ఇప్పుడు ఎరుపు పెడితే హెడ్డాఫీసు వాళ్ళు దిగుతారు, నెల పోతుంది."

"చూద్దాం," అన్నాడు చూద్దాంగారు, కిటికీలోంచి ఎటో చూస్తూ.

వాళ్ళతో వాదించి లాభం లేదనిపించింది. రిజిస్టరు చంకలో పెట్టుకున్నాను.

"సరే సార్. పసుపంటే జాగ్రత్తగా పని చేసుకోవచ్చని కదా. మిగతా మీటింగు గుంతలో పెట్టుకుందాం. తూర్పు గట్టు కింద నీడగా కూడా ఉంటుంది. నాలుగు కుర్చీలు దింపిస్తాను. ఒక్క గంట కూర్చుంటే, మీరు చెప్పిన అంకె వేసి సంతకం పెడతాను."

పెద్దసారు చెయ్యి కప్పు మీద ఆగిపోయింది. చార్టులాయన తన బూట్లు చూసుకున్నాడు. ఆ కొత్త బూట్లకి ఇంతవరకూ బురదంటే ఏమిటో తెలియదు.

"ఇప్పుడా?" అన్నాడు పెద్దసారు. "మూడు రోజులు వాన పడి ఉంటే అక్కడికెందుకమ్మా? లేనిపోని రిస్కు!"

అన్నాక గానీ ఆయనకి గుమ్మం గుర్తు రాలేదు. బావ అక్కడే ఉన్నాడు. ఆయన ముఖంలో కోపం కూడా లేదు. చెడిపోయిన కూర వాసన చూసిన మనిషిలా ముక్కు ముడుచుకుని, పెద్దసారుని ఒక్కసారి పైనుంచి కిందికి చూసి, వెనక్కి తిరిగాడు.

"మేస్త్రీ! ఆగు, నీకర్థం కాలేదు," అంటూ పెద్దసారు లేచాడు.

"బాగా అర్థమైంది సార్. మీరు ముందు దిగండి. మీ వెనకాలే మేమూ దిగుతాం," అన్నాడు బావ వెనక్కి చూడకుండా.

గట్టు మీద నిలబడి ఈల వేశాడు. పధ్నాలుగు మందీ ఒక్కొక్కరే నిచ్చెన ఎక్కి వచ్చారు. ఆఖరి మనిషి పైకి వచ్చేదాకా నేను తూర్పు గట్టుకేసి చూడలేకపోయాను. వచ్చాక బావ అందరికీ జరిగింది చెప్పాడు. పెద్దసారు అన్న మాట కూడా ఆయన గొంతుతోనే చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఒకతను గుంతకేసి ఉమ్మేసి, చేతికున్న కట్టుతీగ తుంపులు విదిలించుకున్నాడు. ఇంకో ముఠాని దింపుతారేమోనని మేస్త్రీలందరికీ బావే ఫోన్లు చేశాడు. సాయంత్రానికి ఆ గుంతలో దిగే మనిషి చుట్టుపక్కల దొరకలేదు.

మేం గెలిచాం అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వం కూడా కలిగింది. అయిదింటికి గేటు దగ్గర ఉండగా నా ఫోనుకి, విడి కాగితం మీద రాసిన రిజిస్టరు కొత్త పేజీ ఫోటో వచ్చింది, సంతకం కోసం.

పదిహేడో వరుస. అవకాశం: అయిదు. నష్టం: ఒకటి. మొత్తం: అయిదు. ఆకుపచ్చ. కారణం గడిలో, "గుంతలో మనుషులు లేనందున, సైటు హద్దుల లోపల ప్రాణనష్టం ఉండదు" అని ఉంది. కింద ముగ్గురి సంతకాలూ ఉన్నాయి. జీవితంలో మొదటిసారి చూద్దాంగారు చూద్దామనకుండా సంతకం పెట్టాడు. పేజీతో పాటు పెద్దసారు ఒక ముక్క కూడా రాశాడు: నువ్వు అడిగిన అయిదు వేశాం, ఇప్పుడు సంతోషమేనా?

గోడ కూలడం ఖాయమని నలుగురూ ఒప్పుకున్నాక ఆ వరుస ఆకుపచ్చ అయింది. సైటు హద్దుల లోపల అనే మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. మా హద్దు రేకుల కంచె. టైలరమ్మ కంచెకు అవతల ఉంది. వాళ్ళని తిట్టబోయి ఆగాను. చంకలో ఉన్న రిజిస్టరు తీసి పాత పేజీలన్నీ వెనక్కి తిప్పి చూశాను. నష్టం అయిదు అని ఏడు వారాలు రాసింది నేనే. ప్రతిసారీ కారణం గడిలో నా చేతిరాత: "అడుగున పదిహేను మంది." ఆవిడ గోడ మీద గాజు అతికించాను. ఆవిడ గోడ ఫోటోలు చూశాను. ఆవిడ దాచిన డబ్బానే తెచ్చి బల్ల మీద బోర్లించాను. ఆవిడ పేరున ఒక్క అక్షరం ముక్క రాయలేదు. పొద్దున ఒరిగిన మిషను చూసి కూడా, ఆవిణ్ణి ఆ గోడ కిందే వదిలేసి, మా బావ ప్రాణం కోసం పరిగెత్తుకొచ్చాను.

నాకు నేనంటే పుట్టిన అసహ్యం ముందు పెద్దసారు బిస్కెట్టు ఎంత!

"బావా, ముఠాని తీసుకుని రా," అని మాత్రం అన్నాను.

తలుపు ఈసారి ఇద్దరు తోస్తే గానీ తెరుచుకోలేదు. టైలరమ్మ స్టవ్వు మీద ఏదో పెట్టుకుని ఉంది. గోడ కూలుతుందని, ఇప్పుడే బయటికి రావాలని చెప్పాను. ఆవిడ ముందు నవ్వింది. తర్వాత మా వెనక సందులో నిలబడ్డ పదిహేను మందిని చూసి నవ్వు ఆపింది. స్టవ్వు ఆర్పేసింది.

"మా ఇంటికి పదండి పిన్నిగారూ. మా ఆవిడ ఉంది. ఎన్నాళ్ళైనా ఉండొచ్చు," అన్నాడు బావ. నలుగురు మిషను ఎత్తారు. మంచం, గిన్నెలు, బట్టలు తలో చెయ్యీ వేసి బయటికి చేర్చారు. ఆవిడ సర్దిన సంచి ఒకటి నేను భుజానికి తగిలించుకున్నాను. సందు చివర దాకా వచ్చాక ఆవిడ ఆగింది.

"పొద్దున వచ్చినప్పుడే తెలుసా అమ్మా నీకు?"

"తెలుసండీ."

"ఏవో రాసుకునే పుస్తకం ఉంటుందని ఆదివారాలు వచ్చినప్పుడు మీ బావగారు చెప్పేవారు. ఎవరికి ఏం ప్రమాదమో అన్నీ రాస్తావటగా. నా సంగతి ఏం రాశావు?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. ఏడు వారాలు చెప్పగలిగినదాన్ని, ఎనిమిదోది చెప్పలేకపోయాను.

"రాయలేదండీ."

"ఎవరు రాయాలి?"

"నేనే."

ఆవిడ నా భుజం మీంచి సంచి మెల్లగా తీసుకుంది.

"ఇలా ఇవ్వండి. ఇది నేను మోసుకుంటాను," అని, ఒక పక్కకి ఒరుగుతూ బావ వెనక నడిచింది.